బావా, నేనూ, మా ఇన్వర్టరూ

ఆ ఎండాకాలమంతా మా బావ కాలికి తొడ నుంచి పాదం దాకా పిండికట్టు. బావంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచేదాన్ని. పెళ్లయినా ఆ పిలుపు మారలేదు. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్ ఆయన. భూమి లోపల ఊరే నీళ్లను తోడిపోసే పంపుల మోటార్లు చూసుకోవడం ఆయన డ్యూటీ. ఒకరోజు మొదటి షిఫ్టులో మోటారు మీదికి వంగి పనిచేస్తుంటే పైకప్పు నుంచి బండపెళ్ల ఊడి కాలి మీద పడింది. ప్రాణం దక్కింది. తొడ ఎముక విరిగింది. కంపెనీ దవాఖానలో ఆపరేషన్ చేసి, కొన్ని వారాలు ఉంచుకుని, కట్టుతో ఇంటికి పంపారు.

మాకప్పటికి కంపెనీ క్వార్టర్ రాలేదు. కాలనీ దాటాక ఉన్న ఒక గల్లీలో సిమెంటు రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. తొంభైల మొదటి సంవత్సరాలవి. క్వార్టర్లలో కరెంటు పోయేది కాదు, వాటికి కంపెనీ లైను ఉండేది. మా గల్లీకి మాత్రం అన్నాలు తిన్నాక పోయి, పొద్దు వాలాక వచ్చేది. మా గడపలో నిలబడితే పవర్‌హౌస్ పొగగొట్టాలు కనిపించేవి. "పొగ మనకు, కరెంటు ఊరోళ్లకు" అని పక్కింటి లారీ డ్రైవరన్న రోజూ అదే మాట అని, రోజూ తానే నవ్వేవాడు.

రేకుల కింద ఆ మధ్యాహ్నాలు ఎట్లా ఉండేవో అనుభవించినవాళ్లకే తెలుసు. మామూలు మనిషైతే లేచి అరుగు మీద కూర్చుంటాడు, తడిబట్ట కప్పుకుంటాడు. బావ కదలలేడు. కట్టు లోపల చెమట పట్టి దురద. గోక్కోవడానికి చీపురుపుల్ల కూడా దూరేది కాదు. నేను పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేదాన్ని. కాసేపటికి ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేసేవాడు.

"సాలు. నీ చెయ్యి గుంజుతలేదా? పోయి పండుకో."

ఎండ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. ఆయన మాట్లాడటం తగ్గించేశాడు. డాక్టరు ఎముక బాగానే అతుక్కుంటుందన్నాడు కానీ, మళ్లీ బాయిలోకి దిగుతాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన లోపల్లోపలే నలిగిపోయేవాడు. తోటి కార్మికులు చూడటానికి వచ్చి, ఫలానా పంపు మొరాయిస్తోంది అని చెబుతుంటే వినేవాడు, వాళ్లు వెళ్లగానే గోడవైపు ముఖం తిప్పుకునేవాడు. మోటార్లు విప్పి బిగించిన ఆ చేతులు రోజంతా దుప్పటి అంచును మడుస్తూ విప్పుతూ ఉండేవి.

ఆ రోజుల్లోనే మా టేబుల్ ఫ్యాను వైరు తెగిపోయి, కొత్తది కొనడానికి చౌరస్తా దగ్గర రేడియో రిపేరు దుకాణానికి వెళ్లాను. ఆ దుకాణం ఒక పెద్దాయనది. అందరూ ఆయన్ను చాచా అనే పిలిచేవారు. బజారంతా కరెంటు లేదు. ఆయన దుకాణంలో మాత్రం బల్లమీద బల్బు వెలుగుతోంది.

"చాచా, కరెంటు లేకపాయె గద, మీ లైటెట్ల వెలుగుతున్నది?"

"బ్యాటరీ మీద, బేటీ. గా మూలకు పెట్టె కనవడ్తలేదా? ఇన్వర్టర్. నేనే కట్టిన."

"దానితోని ఫ్యాన్ తిరుగుతదా?"

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి నావైపు చూశాడు. "చిన్నదైతె తిరుగుతది. గని జర సతాయిస్తది. బల్బు ఏమడగది, ఎట్లిచ్చినా వెలుగుతది. ఫ్యాన్ గట్ల గాదు. కరెంటు సక్కగ లేకుంటె మొండికేస్తది." బావ సంగతి ఆయనకు తెలుసు. అందుకే తనే అన్నాడు. "నీకు నేను కట్టిస్త. కొన్నిదినాలు ఆగాలె. క్రికెట్ మ్యాచులు నడుస్తున్నయి, ఊర్ల టీవీలన్ని నా నెత్తి మీదనే ఉన్నయి."

"మీరు కట్టియ్యొద్దు చాచా. సామాన్లియ్యండ్రి. మేమే కట్టుకుంటం."

"మేమంటె?"

"మా బావ, నేను." ఎట్లా చెప్పాలో తెలియక అన్నాను. "ఆయన చేతులు ఖాళీగున్నయి చాచా. గదే నా ఫికర్."

చాచా బల్లకింది డబ్బాలన్నీ బయటికి లాగాడు. ఒక టీవీ అట్టపెట్టె ముక్క చింపి, దానిమీద పెన్సిల్‌తో సర్క్యూటు గీసి, ఏది ఎక్కడ కలపాలో వేలుపెట్టి చూపించాడు. ట్రాన్స్‌ఫార్మరు, అల్యూమినియం పలక, చిన్న చిన్న విడిభాగాలు, పెద్ద ట్రాన్సిస్టర్లు రెండు, ఒక పాత ముల్లు మీటరు కూడా సంచిలో వేశాడు. మీటరు మాత్రం మళ్లీ తెచ్చివ్వమన్నాడు.

ఇంటికి తెచ్చి మంచం పక్కన గుమ్మరించాను. బావ కళ్లు చిట్లించాడు.

"గిదంత ఏంది?"

"ఇన్వర్టర్."

"ఎవలు జేస్తరు?"

"నువ్వు."

"పరాచకాలాడుతున్నవా? నేను బాయిల ఐదు వందల యాభై వోల్టుల మోటర్లు జూసినోన్ని. గీ బిళ్లలు, గీ గోళీలు నాకేం దెలుసు?"

"నాకు మాత్రం తెలుసా? ఇంటర్‌ల ట్రాన్సిస్టర్ పాఠం సదివిన, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న. చేతితోని ముట్టింది లేదు."

"మరి ఇద్దరికి తెల్వనిది ఎట్ల జేస్తం?"

అట్టముక్కను ఆయన ఛాతీ మీద పెట్టి, పొయ్యి మీది పప్పు చూసుకోవడానికి వంటింట్లోకి వెళ్లాను. పప్పు దించి వచ్చేసరికి ఆయన మోచేతి మీద లేచి, అట్టను వెలుతురుకు పట్టుకుని ఉన్నాడు.

"గీ గీత ఏడికి పోతది? మళ్ల మొదటికే వచ్చింది గద" అన్నాడు, నావైపు చూడకుండానే.

నా గుండె తేలికపడింది. ఏమీ ఎరగనట్టే పక్కన కూర్చుని ఆ గీత ఎక్కడికి పోతుందో ఇద్దరం వెతికాం.

మర్నాటి నుంచి మా పని మొదలైంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాలంటే కరెంటు కావాలి కాబట్టి అతుకులన్నీ ఉదయం పూటే. ఆయన మంచం మీద, నేను పీట మీద. ఆయన తీగలు మెలిపెట్టి పట్టుకుంటే నేను సీసం కరిగించి అతికేదాన్ని. మొదట్లో నా అతుకులన్నీ రేగుకాయల్లా ఉబ్బెత్తుగా వచ్చాయి. "గిది అతుకా, మొటిమా?" అని ఆయన వెక్కిరించాడు. ఎన్ని రోజుల తర్వాత విన్నానో ఆ వెక్కిరింత! కావాలనే ఇంకోటి అట్లాగే పెట్టాను.

పెద్ద ట్రాన్సిస్టర్లు రెండూ చిన్న ఇనుప టోపీల్లా ఉండేవి. అవి బాగా వేడెక్కుతాయి కాబట్టి ఆ వేడి పోవడానికి అల్యూమినియం పలకకు బిగించాలి. కానీ వాటి ఒంటి మీద కూడా కరెంటు ఉంటుంది, పలకకు తగలకూడదు. అందుకని మధ్యలో పల్చటి మైకా రేకు పెట్టాలని చాచా చెప్పాడు. కాగితం కన్నా పల్చగా, అద్దంలా ఉండే రేకు అది. పలకకు బెజ్జాలు వేయడానికి పక్కింటి డ్రైవరన్న దగ్గర చేతిడ్రిల్లు తెచ్చాను. మంచం మీద చెక్కపీట పెట్టి నేను పలక పట్టుకుంటే, బావ దిండుకు ఒరిగి డ్రిల్లు తిప్పాడు. బ్యాటరీ కూడా డ్రైవరన్నే ఇచ్చాడు. బసంత్‌నగర్ నుంచి సిమెంటు లోడు మోసే ఆయన లారీది.

"దీనికి లారీని లేపే దమ్ము లేదక్కా. నీ ఫ్యానుకైతె సరిపోతది. చార్జి దిగితె చెప్పు, నా లారీకి తగిలించి ఎక్కిస్త" అని తెచ్చి గడపలో దించాడు.

అన్నీ ఒక ఇనుప డబ్బాలో బిగించాం. బ్యాటరీ నెగటివ్ వైరును డబ్బా ఒంటికి కలపాలని బావ పట్టుబట్టాడు. బాయిలో ఎర్త్ లేని మిషన్ని ముట్టుకోనివ్వరట. ఆ అలవాటు పోలేదు. నేను సరే అన్నాను.

ఆ మధ్యాహ్నం కరెంటు పోగానే బల్బు పెట్టి స్విచ్ నొక్కాం. వెలిగింది. పట్టపగలు, తలుపులన్నీ తెరిచి ఉన్న ఇంట్లో ఆ బల్బు వెలుగు ఎవరికీ అక్కరలేదు. అయినా ఇద్దరం దానివైపు నోరు తెరుచుకుని చూశాం. బావ ఒకసారి ఆర్పి, మళ్లీ వెలిగించాడు.

తర్వాత ఫ్యాను పెట్టాం. అది జుయ్ మంది. రెక్కలు కదల్లేదు. నేను వేలితో రెక్కను నెట్టితే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"తిరుగుతలేదు బావా."

"జర ఆగు. సప్పుడు ఇననియ్యి." కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపాడు. "గిది మన కరెంటు సప్పుడు గాదు. పిట్ట గొంతు లెక్క సన్నగున్నది. సబ్‌స్టేషన్ల ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలవడితె బొంగురుగ వస్తది సప్పుడు. గట్ల రావాలె."

నాకప్పుడు పాఠం గుర్తొచ్చింది. మన కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. మా పెట్టెలోది అంతకన్నా వేగంగా తిరుగుతున్నట్టుంది. ఆ వేగం మార్చడానికి సర్క్యూటులో స్క్రూడ్రైవర్‌తో తిప్పే ఒక చిన్న బిళ్ల ఉంది. కొలిచే సాధనం మా దగ్గర లేదు. బావ చెవులే ఉన్నాయి. నేను బిళ్లను వెంట్రుకవాసి తిప్పడం, ఆయన వినడం.

"ఇంక దించు. ఇంక. అయ్యో, ఎక్కువైంది, ఎడ్లబండి లెక్క మూలుగుతున్నది. జర ఎక్కియ్యి. ఆఁ, ఆగు! గదే! ముట్టకు!"

ఆయన ముట్టకు అంటుండగానే ఫ్యాను రెక్కలు బద్ధకంగా కదిలి, మెల్లగా వేగం పుంజుకున్నాయి. గాలి ఆయన ముఖానికి తగిలింది. ఆయన కళ్లు తెరవలేదు. చొక్కా గుండీలు విప్పుకుని వెల్లకిలా పడుకున్నాడు. నేను మంచం కోడుకు ఆనుకుని కూర్చుండిపోయాను.

ఆ సంతోషం నేను అన్నం గిన్నెలు కడిగి వచ్చేదాకా కూడా నిలవలేదు. టప్పుమని చప్పుడై ఫ్యాను ఆగిపోయింది. చూస్తే ఫ్యూజు మాడిపోయి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు వేడిగా కాలుతోంది. కొత్త ఫ్యూజు వేస్తే అదీ వెంటనే పోయింది. మీటరు పెట్టి చూశాను. ఎడమవైపు ట్రాన్సిస్టరు దగ్గర ముల్లు చివరిదాకా కొట్టుకుంది. అంటే అది లోపల షార్టయి పోయిందన్న మాట.

దాన్ని విప్పి, ఎండలో నడిచి చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన తన మీటరు పెట్టి అటూ ఇటూ చూశాడు.

"ఇది మంచిగనే ఉన్నది గద బేటీ."

"లేదు చాచా, ఇంటికాడ ముల్లు పూర్తిగ కొట్టింది."

"నీ కండ్ల ముందల్నే చూస్తున్న గద. దీనికి ఏ రోగం లేదు." అయినా నా ముఖం చూసి కొత్తది ఇచ్చాడు.

కొత్తది బిగించాం. ఫ్యాను తిరిగింది. కాసేపటికి మళ్లీ టప్పు. మళ్లీ మీటరులో షార్టు. మళ్లీ విప్పి దుకాణానికి తీసుకెళ్తే, మళ్లీ బాగానే ఉంది. ఇంట్లో చచ్చి, దుకాణంలో బతికే ఆ వస్తువును చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంటికి వచ్చి చెంగుతో ముఖం తుడుచుకుంటూ బావతో అన్నాను.

"ఇంక నాతోని గాదు. చాచాకే ఇచ్చేస్త, ఎప్పుడు చేస్తె అప్పుడు చేస్తడు."

బావ అప్పటికే ఇనుప డబ్బాను పక్కలోకి లాక్కుని ఉన్నాడు. గోడవైపు ముఖం తిప్పుకునే మనిషి ఆయనేనా అనిపించింది.

"ఆగు. నేనొకటి అడుగుత, జెప్పు. దుకాణంల చాచా దాన్ని ఏడ పెట్టి చూసిండు?"

"బల్ల మీద. అద్దం మీద."

"ఇంట్ల?"

"పలక మీదనే చూసిన. బిగించే ఉండె."

"గంతే గద తేడా! బాయిల మోటర్ ట్రిప్ అయి ఆగిపోతె అందరు మోటర్‌నే తిడ్తరు. మేం ఏం జేస్తం? మోటర్ ఇప్పేసి కేబుల్‌ను వేరుగ చూస్తం. మస్తుసార్లు మోటర్ మంచిగనే ఉంటది, కేబుల్ ఏడనో రాయికి ఒరుసుకొని తొక్క పోయి ఉంటది. దీన్ని మళ్ల పలకకు బిగియ్యి. వైర్లు మాత్రం ఒక్కటి కలపకు, ఉత్తగ పలక మీదనే ఉండనియ్యి."

అట్లాగే చేశాను. వైర్లేవీ కలపకుండా ట్రాన్సిస్టరును పలకకు బిగించి, మీటరు ఒక తీగను దాని ఒంటికి, ఇంకోదాన్ని పలకకు ఆనించాను. మైకా రేకు మధ్యలో ఉంది కాబట్టి ముల్లు కదలకూడదు. ఒక చిన్న వణుకు వణికి, చివరిదాకా కొట్టుకుంది.

ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం.

స్క్రూలు విప్పాను. మైకా రేకును రెండు వేళ్లతో పట్టుకుని గడప దగ్గరికి వెళ్లి ఎండకు ఎత్తి చూశాను. పలుచని పొగమంచు రంగులో ఉన్న ఆ రేకులో, స్క్రూ బెజ్జం పక్కన, సూదిమొన అంత చోట ఎండ నేరుగా నా కంట్లో పడింది. చిల్లు!

పలక మీద ఆ చోటును వేలితో తడిమాను. డ్రిల్లు వేసినప్పుడు బెజ్జం అంచున లేచిన చిన్న లోహపు మొన వేలికి గుచ్చుకుంది. కంటికి కనిపించనంత చిన్నది. స్క్రూ బిగించినప్పుడు అది రేకును పొడుచుకుంటోంది. మొదట్లో చల్లగా ఉన్నప్పుడు సరిగా తగల్లేదు, వేడెక్కి అన్నీ ఒకదాన్నొకటి నొక్కుకున్నాక తగిలింది; ఆ నొక్కుడుకు చిల్లు పెరిగి ఇప్పుడు చల్లగా ఉన్నా తగులుతోంది. ట్రాన్సిస్టరు నుంచి పలకకు, పలక నుంచి డబ్బాకు, డబ్బా నుంచి బావ కలిపిన నెగటివ్‌కు కరెంటు అడ్డదారిన పారిపోతోంది. పాపం, ట్రాన్సిస్టరు తప్పేమీ లేదు.

"దొరికింది బావా!" అని గడపలోంచే అరిచాను.

"ఏది, నాకు సూపియ్యి!" లేవబోయి, కట్టు గుర్తొచ్చి, చేతులు చాచాడు. రేకు ఇచ్చాను. కిటికీ వైపు పట్టుకుని, ఒక కన్ను మూసి ఆ చిల్లులోంచి నావైపు చూశాడు. అప్పుడు నవ్వాడు. పెళ్లికి ముందు మా ఇంటికి వచ్చినప్పుడు నవ్వే నవ్వు.

పెద్ద డ్రిల్లు ములుకును చేత్తో తిప్పుతూ బెజ్జాల అంచులన్నీ గీకేశాడు. నున్నగా అయ్యాయా లేదా అని నా వేలితో తడిమించాడు. కొత్త మైకా రేకులు పెట్టి బిగించాం. ఒక్కో స్క్రూ బిగించాక మీటరు పెట్టి చూడటం. ముల్లు కదల్లేదు.

మర్నాడు కరెంటు పోగానే ఫ్యాను పెట్టాం. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం, ఇప్పుడు ఆగుతుందా, ఇప్పుడు ఆగుతుందా అని. నేను మధ్యమధ్య పలక మీద చెయ్యి పెట్టి చూశాను. వేడిగానే ఉంది, కానీ చెయ్యి నిలుస్తోంది. ఎంతసేపటికీ ఆగలేదు. బావ కళ్లు మూతలు పడ్డాయి. పిండికట్టు వేసినప్పటి నుంచి ఆయన మధ్యాహ్నం నిద్రపోవడం నేను చూడలేదు. ఫ్యాను కాస్త గోల చేస్తోంది, మామూలు కరెంటు మీద కన్నా ఎక్కువ. ఆ గోలలో ఆయన గురక కలిసిపోయింది.

చప్పుడు విని డ్రైవరన్న భార్య చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది. "కరెంటొచ్చిందా అక్కా?" అంది. నోటిమీద వేలు పెట్టుకుని లోపలికి రమ్మన్నాను. గాలి తగిలే చోట చాప వేశాను. పిల్ల ఒళ్లంతా చెమటకాయలు. కాసేపటికి అదీ నిద్రపోయింది. ఆ తల్లి గోడకు ఆనుకుని గుసగుసగా అడిగింది.

"గిసొంటిది మాకొకటి చేసిస్తవా? మాకు బ్యాటరీలకు కొదవ లేదు."

చేసిచ్చాం. ఆ తర్వాత గల్లీ చివరి ఇంటికీ చేశాం. రెండోదానికి అతుకులు ఉబ్బలేదు. మూడోదానికి బావ నా అతుకులు తిరగేసి చూడటం మానేశాడు.

వానలు పడ్డాక కట్టు విప్పారు. కాలు సన్నబడి పుల్లలా ఉంది. చంకకర్రలతో మొదలుపెట్టి, తర్వాత చేతికర్రతో, దసరా నాటికి కర్ర లేకుండా, కొంచెం కుంటుతూ నడిచాడు. బాయిలోకి దిగనివ్వలేదు. పైనే సబ్‌స్టేషన్‌లో డ్యూటీ ఇచ్చారు. ఆ మాట తెలిసిన రోజు ఆయన ఏమంటాడో అని నేను బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. ఆయన బూట్లు విప్పుతూ, "పైననే పని ఎక్కువున్నది" అన్నాడు. అంతే. బాధ ఉండే ఉంటుంది. అది ఆయన్ను మంచానికి మాత్రం అతికించలేదు.

చాచా మీటరు తిరిగి ఇవ్వడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. చిల్లుపడ్డ రేకు సంగతి విని ఆయన పగలబడి నవ్వాడు. "అరె, నేనూ ట్రాన్సిస్టర్‌నే చూసుకుంట కూసున్న!" అన్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాకు సన్నపు అతుకులు కనవడ్తలేవు బేటీ. పొద్దుగాల ఓ పూట వచ్చి కూసుంటవా? టేప్ రికార్డర్లు, రేడియోలు నువ్వు చూడు" అన్నాడు.

నేను బావ వైపు చూశాను. ఆ రోజుల్లో చౌరస్తాలో దుకాణం బల్ల వెనక కూర్చున్న ఆడమనిషిని నేనెన్నడూ చూడలేదు.

"నన్నేం చూస్తవ్? నీ చేతుల పనున్నది, నీ ఇష్టం" అన్నాడు బావ. అని, చాచా వైపు తిరిగాడు. "గని చాచా, బల్లకాడ ఓ ఫ్యాన్ పెట్టియ్యాలె."

మరుసటి సోమవారం వెళ్లి కూర్చున్నాను. మొదట వచ్చినాయన చంకలో రేడియో పెట్టుకుని, నన్ను దాటి లోపలికి తొంగిచూశాడు.

"మెకానిక్ లేడా?"

చాచా వెనక నుంచి ఏదో అనబోయాడు. నేనే ముందు చెయ్యి చాచాను.

"నేనే. ఏమైంది దానికి?"

ఆయన తటపటాయిస్తూనే, రేడియోను బల్ల మీద పెట్టాడు. స్టేషన్ దొరుకుతుందట, పది నిమిషాలకు గొంతు పోతుందట. "అయితె వేడెక్కినంక పోతున్నదన్న మాట" అంటూ వెనక మూత స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను.